ఇరవై తొమ్మిదేళ్ళుగా గాల్లో

నవంబరు 4. ఈశాన్యం గాలి, మెత్తగా ఉంది. మబ్బు లేదు.

ఆకాశ కచేరీ వాళ్ళ లెక్క ప్రకారం నేనింకా గాల్లోనే ఉన్నాను. ఇవాళో నిన్నో లేచి కాదు, ఇరవై తొమ్మిదేళ్ళ కిందట లేచి. ఈ మాట రాస్తున్నది మా రన్‌వే పక్కనున్న రేకుల షెడ్డులో, ముక్కాలి పీట మీద కూర్చుని, పక్కన టీ గ్లాసు పెట్టుకుని. అయినా వాళ్ళ దృష్టిలో సైదు పెద్దింట్లమ్మ దిగలేదు.

సంగతేమిటంటే, ఈ డిసెంబరు ఒకటికి నాకు డెబ్భై నిండుతాయి. డెబ్భై నిండితే చేతి లైసెన్సు చెల్లదు. ఆ తర్వాత ఎక్కడికెళ్ళాలన్నా అందరిలాగే బుద్ధిబండి ఎక్కి, ఊరి పేరు చెప్పి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. అది తనే లేస్తుంది, తనే దిగుతుంది, మధ్యలో మనం అడక్కపోయినా పాటలు వినిపిస్తుంది. దాన్ని చూస్తేనే నాకు ఒళ్ళు మంట. సముద్రం ఉప్పుటేరు మీదుగా పైకొచ్చి కొల్లేరులో కలిసిపోయాక ఇక్కడ అందరికీ ఆకాశమే దారి అయింది గానీ, చేత్తో విమానం నడిపేవాళ్ళం మాత్రం ఇన్ని లంకల్లో కలిపి ముగ్గురమే మిగిలాం.

ఒక్క దారుంది. యాభై ఏళ్ళు ప్రమాదం లేకుండా ఎగిరినవాళ్ళకు కచేరీ ‘క్షేమయాన’ బిరుదు ఇస్తుంది. అది ఉంటే లైసెన్సు ఊపిరున్నంతకాలం చెల్లుతుంది. ఇరవయ్యో ఏట మొదలుపెట్టాను, ఎగరడం మొదలై యాభై ఏళ్ళు నిండాయి. దరఖాస్తు పెట్టాను. మా లంకలో అప్పుడే సన్మానానికి పందిరి మాట్లాడేశారు, శాలువా ఎరుపా పసుపా అని రెండు జట్లుగా చీలిపోయారు కూడా.

ఇవాళ పొద్దున్న కచేరీ నుంచి ఇందుమతి అనే అమ్మాయి రేడియోలో పిలిచింది.

“పెద్దింట్లమ్మ గారూ, చిన్న తిరకాసు వచ్చిందండీ. మీరు లేచింది పదకొండు వేల రెండొందల ఎనిమిది సార్లు. దిగింది పదకొండు వేల రెండొందల ఏడు.”

“కూడికలో పొరపాటేమో చూడమ్మా.”

“నాలుగుసార్లు చూశానండి. ఒకటి తగ్గుతోంది.”

చేతి విమానానికి సొంత బుర్ర ఉండదు. అందుకని లేవగానే ‘లేచాను’ అని, దిగగానే ‘దిగాను’ అని మేమే రేడియోలో చెప్పాలి. కచేరీలో ఒక యంత్రపు పెట్టె రాసుకుంటుంది. ఇన్నేళ్ళుగా అది రాసుకోవడమే గానీ కూడి చూసిన నాథుడు లేడు. బిరుదు దరఖాస్తు వచ్చింది కాబట్టి ఇప్పుడు కూడారు.

“ఏ రోజుదమ్మా?” అని అడిగాను. తెలిసే అడిగాను.

“ఇరవై తొమ్మిదేళ్ళ కిందటిదండి. ఆగస్టు పదిహేడు.”

గుర్తు చేసుకుని చెబుతానని పెట్టేశాను. భయం వేసింది, అబద్ధమెందుకు.

నవంబరు 5. గాలి నిన్నటిదే. ఎగరలేదు.

ఆగస్టు పదిహేడున ఏం జరిగిందో ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ రాసుకుంటాను.

మా విమానం పేరు పరజ. చలికాలం ఇక్కడికొచ్చే బాతుల పేరే. రెండు సీట్లు, ఒక ఇంజను, నాచునూనెతో నడుస్తుంది. ఈ తడిగాలికి నూనెలో నీళ్ళు చేరతాయి. బరువు కాబట్టి ట్యాంకు అడుగుకు దిగుతాయి. అందుకని రోజూ పొద్దున్నే ట్యాంకు కింద కుళాయి తిప్పి, సీసాలోకి వంపి, తేటగా వచ్చేదాకా పారబోయాలి. ఆ పని మా మెకానిక్ బలే లాజరుది. నాకంటే నాలుగేళ్ళు పెద్ద, నలభై ఐదేళ్ళుగా నాతోనే ఉన్నాడు. నేను అన్నయ్యా అంటాను, అతను అమ్మాయ్ అంటాడు, డెబ్భై వచ్చినా సరే.

ఆ రోజు కరివేపాకు మొక్కలు వేసుకుని ఒక్కదాన్నే బయల్దేరాను. చింతలంక దగ్గర రొయ్యల చెరువుల మీదుండగా ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. కింద చూస్తే అన్నీ నీళ్ళు, మధ్యలో ఒక్క మట్టిగట్టు. దాని మీదే దించాను. నాకు గీత పడలేదు, పరజకు గీత పడలేదు. పోయినవల్లా గట్టు మీది రెండు అరటిచెట్లే. కుళాయి తిప్పి చూస్తే ట్యాంకు అడుగున నీళ్ళు.

అంతకు ముందు వారమే లాజరన్నయ్య తమ్ముడు పోయాడు. మనిషి తిండి సరిగ్గా తినడం లేదు. పాపం, వంపడం మరిచిపోయాడనుకున్నాను. గట్టు మీంచి ‘దిగాను’ అన్నానంటే కచేరీవాళ్ళు వచ్చి కారణం అడుగుతారు, అన్నయ్యకు పనికి అనుమతిగా ఇచ్చిన మెకానిక్ బిళ్ళ పీక్కుపోతారు. రేడియో ఆపేశాను. చెరువు కాపలా మనిషితో కబురు పెడితే లాజరన్నయ్య రెండు పడవలు కట్టించుకొచ్చాడు. రెక్కలు విప్పి, సాయంత్రానికల్లా పరజను నీళ్ళ మీద ఇల్లు చేర్చాం. అందుకే ఆ రోజుకు దిగడం లేదు.

ఆ తర్వాత ఆ మాట నేనెత్తలేదు, అతనూ ఎత్తలేదు. ఒక మనిషిని కాపాడానని లోలోపల నాకు కాస్త గర్వంగా కూడా ఉండేది.

నవంబరు 7. దక్షిణం గాలి, ఉప్పు వాసన.

ఉప్పుగాలి వీచిన రోజు రెక్కలకు స్నానం చేయించాలి. వాననీళ్ళు పట్టిన తొట్టిలోంచి ఎనిమిది బకెట్లు మోశాం. నడుం పట్టేసింది.

మధ్యలో ఇందుమతి పిలిచింది. పాపం మంచి పిల్ల. “అమ్మా, ఇలాంటివాటికి మరుపు పత్రం అని ఒకటుందండి. ఆ రోజు మీ రన్‌వే మీదే దిగాను, చెప్పడం మరిచిపోయాను అని రాసిచ్చేయండి. చూసినవాళ్ళ సంతకం ఒక్కటి కావాలి. సరిపోతుంది” అంది.

పత్రం రాసి లాజరన్నయ్య చేతిలో పెట్టాను. కళ్ళజోడు తుడుచుకుని, కాగితం దూరంగా పట్టుకుని, పెదాలు కదుపుతూ చదివాడు.

“దీనికేముందమ్మాయ్, పెడతాను. ఇన్నేళ్ళు నీ తప్పు కడుపులో దాచుకున్నోణ్ణి, సంతకం పెట్టలేనా?”

నాకు అర్థం కాలేదు. “ఎవరి తప్పు?”

“నీదే.”

“అన్నయ్యా, ట్యాంకు వంపాల్సింది ఎవరు?”

“నేనే. వంపాను. సీసాడు వంపి, వెలుగులో పెట్టి చూసి, తేటగా ఉన్నాకే కుళాయి బిగించాను.”

“మరి నీళ్ళెక్కణ్ణుంచి వచ్చాయి? ఆకాశంలోంచి ఊడిపడ్డాయా?”

“నువ్వే పోశావు” అన్నాడు, చాలా మామూలుగా. “నేను వంపేసి చేతులు కడుక్కుంటున్నాను. నువ్వొచ్చి నూనె తక్కువుందని బయట పీపాలోంచి రెండు క్యాన్లు పోసేశావు. ఆ పీపా మూత ముందురోజు వానంతా తెరిచే ఉంది. వద్దని అరిచాను. అప్పటికే ఇంజను మోత. నీకేం వినబడుద్ది?”

“అబద్ధం!” అన్నాను. అరిచాననే చెప్పాలి.

“సరే, అబద్ధమే. నేను భోజనానికి ఎళ్ళొస్తా” అని కాగితం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. సంతకం పెట్టే వెళ్ళాడు.

నా తప్పు ఆయన కడుపులో దాచుకున్నాడట! నేను ఆయన తప్పు దాచి, ఆయన బిళ్ళ కాపాడి, ఏటా పండక్కి బట్టలు పెట్టి, ఒక్క మాట అనకుండా నెట్టుకొస్తుంటే. కోపంతో అన్నం సయించలేదు.

నవంబరు 8. గాలి ఎటుందో చూడలేదు.

పొద్దున్న అరచేతికి కొబ్బరినూనె రాసుకుంటుంటే పాత మచ్చ తగిలింది. బొటనవేలి కింద, సన్నటి గీత. అది ఆ రోజుదే. గట్టు మీద దిగేటప్పుడు తెగిందని నేనే అనుకుంటూ వచ్చాను. కానీ గట్టు మీద నాకు గీత పడలేదని మొన్న ఇక్కడే రాశాను కదా. అదీ నిజమే. మరి ఇది ఎక్కడిది?

క్యానుది. ఒక క్యాను పిడి విరిగితే ఇనపతీగ చుట్టి వాడేవాళ్ళం. ఆ తీగ కోసుకుంది. నెత్తురు చీరకు తుడుచుకుని రెండో క్యాను కూడా పోశాను. పోశాక కుళాయి తిప్పి చూడలేదు. ఎవరు వంపినా ఎక్కేముందు పైలట్ ఒకసారి చూసుకోవాలి. తొందరలో నేను చూడలేదు.

సిగ్గేసింది. చెప్పలేనంత సిగ్గు. ఒక మనిషి చెయ్యని తప్పును క్షమించి, ఆ క్షమించినందుకు ఇన్నేళ్ళు నాకు నేనే దండలు వేసుకున్నాను.

షెడ్డుకు వెళ్ళాను. లాజరన్నయ్య చక్రానికి గ్రీజు పెడుతున్నాడు.

“రెండు క్యాన్లు నేనే పోశాను అన్నయ్యా.”

“ఊఁ.”

“అప్పుడే మొహాన చెప్పొచ్చు కదా?”

“చెప్తే నీ లైసెన్సు పోద్ది. నువ్వు ఎగరకపోతే నేను బిగించేదేముంది? అయినా నువ్వు మాట్టాడలేదు కదా అని నేనూ మాట్టాడలేదు.”

“నీ తప్పనుకుని మాట్లాడలేదు!”

అతను గ్రీజు చెయ్యి గుడ్డకు తుడుచుకుంటూ నన్ను కాసేపు చూశాడు. “అదేం బుద్ధే! నా తప్పయితే తిట్టాలి గదా. తిట్టనిది ఎందుకా అని నేను అప్పట్లో శానా దిగులు పడ్డాను” అన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇద్దరం నవ్వాం, తర్వాత నేను కాస్త ఏడ్చాను.

మరుపు పత్రం చింపేశాను. ఉన్నదున్నట్టు ఐదు వాక్యాలు రాసి కచేరీకి పంపాను. నూనె పోసింది నేను, చూసుకోనిది నేను, దాచింది నేను. లాజరు పేరు పడవలు తెచ్చినచోట మాత్రమే వచ్చింది. ఇవాళ్టి నుంచి అతను వంపాక నేనూ ఒకసారి వంపి చూస్తాను.

నవంబరు 13. ఉత్తరం గాలి. పొద్దున్న పొగమంచు.

ఇందుమతి జవాబు.

“చదివానండి. మనసుకు కష్టంగా ఉందమ్మా. అసలు మట్టిగట్టు మీద దిగినా దిగినట్టేనండి. మనిషికి దెబ్బ తగల్లేదు, విమానం విరగలేదు. ఆ రోజే గట్టు మీంచి ‘దిగాను’ అనుంటే అది ప్రమాదం కిందికే రాదు.”

“ఏంటీ?”

“అవునండి. దాచడమే తప్పు. దాచినరోజు నుంచి ఏళ్ళు మళ్ళీ మొదటి నుంచి లెక్కపెడతారు. మీకిప్పుడు ఇరవై తొమ్మిదేనండి.”

అంటే బిరుదు కావాలంటే ఇంకో ఇరవై ఒక్కేళ్ళు ఆగాలి. తొంభై ఒకటో ఏట. అప్పటికి నన్ను పరజలోకి ఎత్తి కూర్చోబెట్టడానికి నలుగురు కావాలి. లైసెన్సు డిసెంబరు ఒకటితో సరి. ఒక్క మాట, ఒక్క ముక్క చెప్పి ఉంటే చాలేది.

పెట్టేయబోతుంటే ఆ పిల్ల గొంతు తగ్గించింది. “అమ్మా, ఇంకో నియమం ఉందండి. చదువుతాను, వినండి. పైలట్ గాల్లో ఉండగా లైసెన్సు రద్దు చెయ్యరాదు.”

“అయితే?”

“ఆగస్టు పదిహేడు ప్రయాణం ఇంకా ముగియలేదు కదండీ. దాన్ని ముగించాలంటే మీరే రేడియోలో ‘దిగాను’ అనాలి. దానికి గడువంటూ ఏం రాయలేదు. అనేదాకా లైసెన్సు చెల్లుతుంది.”

“అంటే నేను దిగనక్కర్లేదంటావా?”

“నేనేం అనలేదండి. నియమం చదివానంతే.”

పరుగెత్తుకెళ్ళి లాజరన్నయ్యకు చెప్పాను. పరుగంటే నా వయసుకు తగ్గ పరుగే. “అయితే ఇంకో ఇరవై తొమ్మిదేళ్ళు గాల్లోనే ఉండు, కింద నేనున్నాగా” అన్నాడు. మా లంక ప్రెసిడెంటుకు బిరుదు రావడం లేదని కబురు చేస్తే ఆయన కొట్టిపారేశాడు. “బిరుదు కచేరీది. శాలువా మాది. పందిరి ముప్పయ్యో తారీకున వేస్తున్నాం” అన్నాడు. రంగు మాత్రం ఇంకా తేలలేదట.

నవంబరు 19. గాలి బంగారం.

వరసగా ఐదు రోజులు ఎగిరాను. చింతలంకకు మునక్కాడలు, పక్క లంకలో మా పిన్ని కూతురికి చెవి మిషను బ్యాటరీలు. పని లేకపోయినా ఒకరోజు ఊరికే పైన తిరిగాను. అసలు పరజ బాతులు దిగాయి, నీళ్ళు నల్లగా కనబడేటన్ని. నడిపే కర్ర ఎడమకు వంచితే మా పరజ వంగుతుంది, నేను ఎంత వంచితే అంత, ఎవరి అనుమతీ అక్కర్లేదు. సంతోషంగా ఉంది. ఇంతకంటే రాయడం నాకు చేతకాదు.

నవంబరు 23. మబ్బు. తడిగాలి.

లాజరన్నయ్య వంపానన్నాడు. నేను కుళాయి తిప్పాను. సీసాలో బొటనవేలెత్తు నీళ్ళు.

నీళ్ళకు రంగు లేదు, నూనె లేత పచ్చ. రెంటికీ మధ్య గీత నాకు స్పష్టంగా కనబడుతోంది. అతను ఇదే సీసాను వెలుగులో పెట్టి చూసి, తేటగా ఉందన్నాడు. అతను అటు తిరిగి ఉన్నప్పుడు పారబోసి, మళ్ళీ వంపి, తేటపడ్డాక ఎక్కాను.

చెప్పలేదు.

నవంబరు 26. పక్కగాలి, కాస్త గట్టిగా.

నిన్నా నీళ్ళున్నాయి. నిన్నా చెప్పలేదు.

ఇవాళ నా వంతు. పక్కగాలిలో దించుతుంటే నేల ఇంకా దూరముందనుకున్నాను. లేదు. పరజ మూడుసార్లు గెంతింది. నలభై ఏళ్ళ వయసులో ఆగిన ఇంజనుతో మట్టిగట్టు మీద దించినదాన్ని, సొంత రన్‌వే మీద కప్పలా గెంతించాను. లాజరన్నయ్య షెడ్డు ముందే నిలబడి చూస్తున్నాడు. “గాలి ఎక్కువగా ఉంది” అన్నాడు. “అవును, ఎక్కువే” అన్నాను.

మధ్యాహ్నం నేను కునుకు తీసి లేచేసరికి ఎడమ చక్రం దగ్గర కొత్త బోల్టు మెరుస్తోంది. పాతది వంగిపోయి చెత్తడబ్బాలో ఉంది. అతను చెప్పలేదు, నేను అడగలేదు.

నవంబరు 29. గాలి తగ్గింది.

మూడు రోజులుగా మనసు బాగాలేదు. ఆ బోల్టు తీసి జేబులో వేసుకు తిరుగుతున్నాను. ఒకసారి ఇలాగే ఇద్దరం నోరు మూసుకున్నాం, అది ఇరవై తొమ్మిదేళ్ళు నడిచింది. మళ్ళీ అదే మొదలుపెట్టాం. ఈసారి కింద మట్టిగట్టు ఉంటుందని ఎవరు చెప్పగలరు? పోతే నేనొక్కదాన్నే పోతాను, సరే. కానీ అతను తన చేతుల్ని చూసుకుంటూ మిగిలిపోతాడు.

టీ రెండు గ్లాసుల్లో పోసి అతని ముందు కూర్చున్నాను.

“అన్నయ్యా, ఈ వారంలో రెండుసార్లు, ఇవాళ కూడా ట్యాంకులో నీళ్ళున్నాయి. నువ్వు వంపాక.”

అతను గ్లాసు కింద పెట్టాడు.

“నాకు గీత కనబడట్లేదమ్మాయ్” అన్నాడు. “కళ్ళజోడు మార్చాను, అయినా అంతే. నీకు చెప్తే ఎగరడం మానేస్తావని చెప్పలేదు. నువ్వు ఎనకాలొచ్చి చూస్తున్నావని తెలుసు. ఆ ధైర్యంతో ఉన్నాను.”

“నేను దిగడం కూడా చూశావుగా.”

“చూశాను. మొన్న ఒక్కరోజు కాదు. పోయిన నెల రెండుసార్లు తోకతో దిగావు. తోక చక్రానికి రబ్బరు మార్చాను.”

నాకు ఆ సంగతే తెలియదు. తోకతో దిగానని కూడా తెలియదు.

కోపం రాలేదు. లోపలి నుంచి ఒక బరువు జారిపోయినట్టు అనిపించింది, దాంతోపాటు ఏడుపూ వచ్చింది. నాకు ఎగరడమంటే ప్రాణం. దాచుకోవలసిన పనేమీ లేదు, ఈ లోకంలో నాకు అంతకంటే ఇష్టమైంది లేదు. కచేరీ నియమం నన్ను ఆపదు, నేను నోరు విప్పకుంటే చాలు.

“రేపు రేడియోలో ‘దిగాను’ అని చెప్పేస్తాను అన్నయ్యా.”

“నీ ఇష్టం అమ్మాయ్. నేను మాత్రం వద్దననూ, కానీమననూ” అన్నాడు. ఒక గుక్క టీ తాగి, “కానియ్యి” అన్నాడు.

నవంబరు 30. గాలి లేదు. ఆకాశం తేట.

పొద్దున్న ఇద్దరం కలిసి వంపాం. సీసా నేను పట్టుకున్నాను, కుళాయి అతను తిప్పాడు. లేచి గంటసేపు కొల్లేరంతా ఒక చుట్టు చుట్టాను. నేల వైపు చూస్తూ, తొందరపడకుండా, మెల్లగా దించాను. ఒక్క గెంతు కూడా లేదు. “దిగాను” అని ఈ ప్రయాణానికి చెప్పి ఇంజను ఆపాను.

పందిట్లో అప్పటికే వంటలు దించుతున్నారు. చేపల పులుసు వాసన రన్‌వే దాకా వస్తోంది. శాలువా చివరికి రెండు రంగులూ కలిసినది తెచ్చారు. మా ప్రెసిడెంటు రమ్మని చేతులూపుతున్నాడు. ఐదు నిమిషాలు అన్నట్టు చెయ్యి చూపించాను.

లాజరన్నయ్య రెక్క పట్టుకుని నిలబడ్డాడు. “నేనూ కూకుంటాను” అన్నాడు. నలభై ఐదేళ్ళలో అతను పరజ ఎక్కడం ఇదే మొదటిసారి. ఎప్పుడు రమ్మన్నా, అది బిగించిందెవరో నాకు తెలుసు, నేనెక్కను అనేవాడు. ఇవాళ ఎక్కి, పక్క సీట్లో సర్దుకుని, నిలబడి ఉన్న విమానంలో బెల్టు కూడా పెట్టుకున్నాడు.

రేడియో నొక్కాను. “ఇందుమతీ, ఆగస్టు పదిహేడు ప్రయాణం. చింతలంక రొయ్యల చెరువు గట్టు మీద. దిగాను.”



“అమ్మా, తొందరేం లేదండీ. గడువు...”

“తెలుసు తల్లీ. దిగాను. రాసుకో.”

ఆ పిల్ల ముక్కు చీదుకుంది. తర్వాత గొంతు సర్దుకుని కచేరీ పద్ధతిలో అడగడం మొదలుపెట్టింది.

“విమానం?”

“క్షేమం.”

“పైలట్?”

“క్షేమం.”

“ఎంతమంది దిగారు?”

“ఇద్దరం” అన్నాను.

“లేచినప్పుడు ఒక్కరేనని ఉందండి. అలా రాస్తే మళ్ళీ లెక్క కుదరదమ్మా.”

“కుదరకపోతే పోనీ. ఇద్దరమనే రాయి.”

రాసింది. లాజరన్నయ్య బెల్టు విప్పుకోబోయాడు. కొక్కెం అతనికి కనబడలేదు. నేనే విప్పి పెట్టాను.